‘కట్టని నుమాయిష్’ మీద అభిప్రాయాలు

జనవరి 9, 1956

పుస్తకం వచ్చింది. నయాపూల్ దగ్గర ప్రకాశం ప్రెస్సు నుంచి రిక్షాలో ఇంటికి తెచ్చాను. మూడు వందల ప్రతులు. ముందుగదిలో గోడవారగా పేర్చాను. అట్ట మీద ‘కట్టని నుమాయిష్’. కింద నా భార్య పేరు, ‘రమాబాయి’. ఇంకేమీ లేదు. నా పేరు లేదు. ఆమె పోయిందన్న మాట లేదు.

ప్రకాశం చివరిదాకా వదల్లేదు.

“సార్, అమ్మగారి ఫోటో పెడదాం. బ్లాకు నేనే చేయిస్త.”

వద్దన్నాను.

“స్మృత్యర్థం అని ఒక్క ముక్క?”

వద్దన్నాను.

“పుటల అంచులన్న కోయనియ్యరైతిరి. కత్తి పట్టుకొని ఎవరు చదువుతరు సార్?”

రమ ఏ పుస్తకమైనా అంచులు కోయకుండానే తెమ్మనేది. జడపిన్నుతో ఒక్కొక్క పుట విడదీసుకుంటూ చదివేది. ఆమె పుస్తకమూ అట్లాగే ఉండాలి. చదవాలనుకున్నవాళ్లు కోసుకుంటారు.

జనవరి 11

కోర్టులో మా తర్జుమా విభాగంలో తలా ఒక ప్రతి ఇచ్చాను. విఠల్‌రావుది నా పక్క బల్ల. నిజాం కాలం నుంచీ స్నేహం.

“ఏంది భాయ్ ఇది, నుమాయిష్ ఎగ్జిబిషన్ గైడా?”

“నుమాయిష్‌ల లేనివి. రమ ఊహించి రాసింది. జెయింట్‌వీల్ లెక్కనే జనం టికెట్ కొనుక్కొని పోయేటివి. ఎవరూ కట్టలే.”

“కట్టనిదాన్ల మీద బుక్కా?”

“ఆరున్నయి. వాన గది, మిద్దెల బండి, తప్పిపోయే తోట...”

“పాపం వదిన,” అన్నాడు. పుస్తకం కళ్లకు అద్దుకున్నాడు.

పాపం ఎందుకు? అద్దుకోవడం ఎందుకు? అడగలేదు. చదివి చెప్పమన్నాను. ఏది బాగుందో, ఏది బాగా లేదో, ఎందుకో.

జనవరి 19

ఉత్తరాలు వస్తున్నాయి.

‘ఆ సాధ్వి ఆత్మకు శాంతి కలుగుగాక.’

‘భార్య పట్ల మీ అనురాగం నేటి యువకులకు ఆదర్శం.’

‘పుస్తకం అందినది. భగవంతుడు మీకు ధైర్యం ప్రసాదించుగాక.’

ఇవి అభిప్రాయాలు కావు. నేను తీర్పులు తర్జుమా చేసి బతుకుతున్నవాణ్ణి. కారణం రాయని తీర్పును పై కోర్టు కొట్టేస్తుంది. వీటినీ కొట్టేస్తున్నాను.

జనవరి 23

ఈ రోజు ఏమీ రాలేదు. నయమే.

ఫిబ్రవరి 3

నుమాయిష్‌కు వెళ్లాను. రమ లేకుండా మొదటిసారి. ఆ సంగతి రాయడానికి కాదు ఇది. ఆటల కాంట్రాక్టరు కొండల్‌ను కలవడానికి వెళ్లాను. జెయింట్‌వీల్, మోటారు సైకిల్ బావి అతనివే. వాన గది పుట తెరిచి చదివి వినిపించాను. ఒక్కో మనిషి కూర్చునేంత రేకు కప్పు గది. పైన చిల్లుల గొట్టం. నీళ్లు రేకు మీద కురిసి చూరు వెంట జారిపోతాయి. కిటికీ ఉండదు. మండుటెండలో లోపల కూర్చుని వాన వినాలి.

“సాబ్, లోపట జనం ఏం చేస్తరు?”

“కూసుంటరు. వింటరు.”

“ఎంతసేపు?”

“ఇష్టమున్నంతసేపు.”

పొట్ట పట్టుకుని నవ్వాడు. “గట్లయితే టికెట్లెందుకు సాబ్, ధర్మసత్రం పెట్టుకుంట. జెయింట్‌వీల్ చూడుండ్రి. ఎక్కుతరు, మొత్తుకుంటరు, దిగుతరు. మల్ల ఇంకో గుంపు. మీ దాంట్ల మొత్తుకునుడే లేదు.”

నాకు కోపం రాలేదు. మొదటిసారి ఒక మనిషి కారణం చెప్పాడు. మొత్తుకోనివాళ్లకు నుమాయిష్‌లో ఏముంది అన్నదే రమ మొదటి వాక్యం. అది చెప్పబోతున్నాను. ఇంతలో అతని మనిషి ఒకడు చెవిలో ఏదో ఊదాడు. కొండల్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

“మాఫ్ చేయుండ్రి సాబ్. అమ్మగారు గుజర్ అయిందని నాకు ఎరుక లేదు. బుక్కు మస్తున్నది. మస్తున్నది.”

అప్పుడు వచ్చింది కోపం. పుస్తకం మూసి గేటు దాటాను.

ఫిబ్రవరి 12

విఠల్‌రావు ఇంట్లో భోజనం. చేతులు కడుక్కుని వస్తుంటే దేవుడి గది తలుపు తీసి ఉంది. గూట్లో లక్ష్మీదేవి పటం పక్కన ‘కట్టని నుమాయిష్’. అట్టకు పసుపు, కుంకుమ. మీద ఒక చామంతి. తీసి చూశాను. ఒక్క పుట కోయలేదు.

“చదివినవా?” అన్నాను.

“చదివిన. మస్తున్నయ్ భాయ్.”

“ఏది?”

“అన్నీ.”

“మిద్దెల బండి ఏ మిద్దె నుంచి బయలెల్లుతది?”

విఠల్‌రావు భార్య వంటగదిలో గిన్నెల చప్పుడు ఆపింది.

“పరీక్ష పెడుతున్నవా?” అన్నాడు. “ఏమనాలె నేను? పోయిన మనిషి రాసిన దాంట్ల తప్పులు వెతుకుతమా? బాగుంది అంటే కోపం. బాగలేదంటే బాగుంటదా? నీకేం కావాల్నో నాకు సమజ్ అయితలేదు మురళీ.”

పుస్తకం ఇచ్చెయ్యమన్నాను. ఇవ్వనన్నాడు. దేవుడి దగ్గర పెట్టింది తీయకూడదట. చెప్పులు వేసుకుని వచ్చేశాను. తాంబూలం పళ్లెం అట్లాగే ఉండిపోయింది.

ఫిబ్రవరి 13

మిద్దె మీంచి మిద్దె మీదికి పోయే ఆ బండి మాదన్నపేటలో మా మిద్దె నుంచే బయలుదేరుతుంది. దాని మొదటి పుటలోనే ఉంది.

ఫిబ్రవరి 22

వారపత్రికలో సమీక్ష. మూడు వాక్యాలు. ‘దివంగత సతీమణి జ్ఞాపకార్థం భర్త వెలువరించిన పొత్తం. కాగితం, ముద్రణ కనువిందు. ఇట్టి పుణ్యకార్యాలు మరిన్ని జరగాలి.’

వీళ్లకు ఆమె పోయిందని ఎవరు చెప్పారు? పుస్తకంలో లేదు. ప్రకాశమే అయి ఉంటాడు.

మార్చి 5

ఇవాళ ఒక నిజమైన పాఠకుడు వచ్చాడు. మా గల్లీలో పింఛను తీసుకుంటున్న తహసీల్దారుగారు. పుటలన్నీ కోసి ఉన్నాయి. కొన్నిచోట్ల ఎర్ర పెన్సిలు గీతలు. కుర్చీ వేశాను. చాయ్ పెట్టించాను. సంతోషించానని ఒప్పుకుంటాను.

“మియా, ఈ తప్పిపోయే తోట ఉన్నది చూడు,” అని గొంతు సవరించుకుని చదివారు. ‘లోపలికి పోయినవాళ్లను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. గేటు దగ్గర నిలబడి పిలిచేవాళ్లను కాపలావాడు పంపించేస్తాడు. గంట తరువాత ఎవరి దారిన వాళ్లు బయటికి వస్తారు, కావాలంటే.’

చత్వారపు కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. “రమ బిడ్డకు ఇంట్ల ఏం తక్లీఫ్ ఉండె?”

ఏమీ లేదన్నాను.

“నేను చిన్న అమల్దారు నౌకరీ నుంచి పైకి వచ్చినోన్ని. మస్తు దరఖాస్తులు చదివిన. ఇది ఆట లెక్క లేదు. దరఖాస్తు లెక్కున్నది.”

చాయ్ తాగి వెళ్లమన్నాను. తాగకుండానే వెళ్లారు.

అది ఆట. పిల్లలు దాగుడుమూతలు ఆడరా? అట్లాంటిదే. మా ఇంట్లో ఏ కష్టమూ లేదు. అత్తపోరు లేదు. తిండికి బట్టకు లోటు లేదు. నేను ఏనాడూ గొంతెత్తి ఎరుగను. ఆమె ఎటు వెళ్లినా ఒక్క పిలుపు పిలిస్తే పలికేది. ఏ కష్టమూ లేదు.

మార్చి 6

ఏ కష్టమూ లేదు.

మార్చి 18

వామన్‌రావు వచ్చాడు. రమ అన్న. సాంవత్సరికం వచ్చే నెల చైత్రంలో. బ్రాహ్మణులు, వంట, వచ్చినవాళ్లకు ఇచ్చే గిన్నెలు, అన్నీ తనే చూసుకుంటానన్నాడు. సరే అన్నాను. వెళ్తూ వెళ్తూ ముందుగదిలో ఆగాడు.

“ఇన్ని బుక్కులు మిగిలినయా బావా? మంచిదే. గిన్నెతోని ఒకటి ఒకటి పంచుదం.”

“ఇవి పంచేటివి కాదు.”

“చెల్లె ఫోటో, పుట్టిన తారీకు, పోయిన తారీకు ఒక కాయితం మీద అచ్చు కొట్టించిన. మొదటి పుట మీద అంటిద్దం. అందరు అట్లనే చేస్తరు గద.”

అందరూ అట్లాగే చేస్తారు. తిథినాడు భగవద్గీతో, విష్ణు సహస్రనామమో ముద్రించి పంచుతారు. తీసుకున్నవాళ్లు కళ్లకు అద్దుకుని ఇంటికి తీసుకుపోయి గూట్లో పెడతారు. ఫోటో అంటించిన రోజు నుంచి ఇది పుస్తకం కాదు, గిన్నెకు తోడు. ఆమె రాసింది ఇక ఎవరూ ఎప్పటికీ చదవరు. ఈ మాటే చెప్పాను.

“ఇప్పుడు మాత్రం ఎవలు చదువుతున్నరు?” అన్నాడు వామన్‌రావు.

అది నిజమే. అందుకే ఇంత కోపమేమో తెలియదు.

మార్చి 26

కార్డు వచ్చింది. ‘శ్రీమతి రమాబాయి గారికి’ అని.

‘నయాపూల్ దగ్గర పుస్తకాల దుకాణంలో మీ పుస్తకం కొన్నాను. ఛత్రినాకలో చిన్న ఆడపిల్లల బడి నడుపుతున్నాను. మీ వాన గదిని మా కట్టెల కొట్టంలో మీరు రాసినట్టే కట్టాము. మీ లెక్క తప్పింది. కిటికీ లేకపోవడం మూలాన పిల్లలు బెదురుతున్నారు. గట్టి ఇంట్లో ఉన్నవాళ్లకు వాన సంగీతం. మా పిల్లల ఇళ్లు కురుస్తాయి. మీరు ఒకసారి వచ్చి చూసి జవాబు చెప్పాలి. విమలాదేవి, హెడ్‌మిస్ట్రెస్.’

జవాబు చెప్పాలట. ఎవరీమె? కట్టెల కొట్టంలో కట్టి, రమ లెక్క తప్పిందంటుందా? వాన గది గురించి రమ మూడు వేసవులు ఆలోచించింది. ‘వాన చూడటానికి అందరికీ కిటికీలున్నాయి, వినడానికే చోటు లేదు’ అని స్పష్టంగా రాసింది. చదవడం రాని టీచరు.

మార్చి 27

జవాబు రాశాను. చింపాను. మళ్లీ రాశాను. రమాబాయి గతించింది, ఇక మీకు జవాబు చెప్పదు, అని ఒక్క వాక్యం. అదీ చింపాను. వెళ్లి మొహం మీదే చెప్తాను. సిగ్గుపడుతుంది. పడాలి.

మార్చి 31

వెళ్లాను.

బడి అంటే నాలుగు గదులు, ఒక బావి, వెనక కొట్టం. విమలాదేవిగారు నలభై దాటిన మనిషి. కొంగు నడుముకు చుట్టుకుని బ్లాక్‌బోర్డుకు మసి పూస్తున్నారు. చేతులు మోచేతిదాకా నలుపు.

“రమాబాయిగారు రాలే?” అన్నారు నన్ను చూసి, నా వెనక చూసి.

“నేను ఆమె భర్తను.”

“ఆమెను తోలుకరావాలె గదా. మీతోని మాట్లాడి ఏం ఫాయిదా?”

దారి పొడుగునా ఒక వాక్యం తయారు చేసుకుని వచ్చాను. అది పోయింది. “ఆమె లేదు,” అన్నాను. “పోయిన చైత్రంల పోయింది.”

ఆమె చేయి ఆగింది. “అయ్యో,” అన్నారు. మసిగుడ్డ కింద పెట్టారు. నేను కాచుకుని ఉన్నాను. ఇప్పుడు వస్తుంది ‘మస్తున్నది’ అన్న మాట.

“అయినా కిటికీ లేకుండుడు తప్పే,” అన్నారు.

నేను ఏం చేశానో సరిగ్గా గుర్తు లేదు. గట్టిగా మాట్లాడాను. పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు. ఆమె రాసింది రాసినట్టే ఉంచాలన్నాను. ఎవరికీ మార్చే హక్కు లేదన్నాను.

“హక్కేంది? లోపట కూసునేది మా పిల్లలు. బాలమణి అనే పోరి ఉన్నది. పోయిన వానకాలం వాళ్ల గోడ కూలింది, తమ్ముడు దాని కింద పడ్డడు. చీకట్ల ఆ చప్పుడు విని లేస్తలేదు, కదుల్తలేదు. నేను ఎత్తుకొని బయటికి తెచ్చిన. రమాబాయిగారుంటే ఆమెకే చూపిస్తుంటి. ఆమె ఏమంటుండెనో ఏమో. మీరేమో ఆమె తీరు మాట్లాడుతలేరు.”

“ఆమె తీరు మీకేం తెలుసు?”

“బుక్కు చదివిన గద. మీ తీరు మనిషి కాదు. మాట పడుతది, మాట అంటది.”

వచ్చేశాను. సిగ్గుపడింది ఎవరో రాయడం లేదు.

ఏప్రిల్ 1

మాట పడుతుంది, మాట అంటుంది. ఎవరి భార్య గురించి ఎవరు చెప్తున్నారు?

ఏప్రిల్ 2

నిజమే. అనేది.

ఏప్రిల్ 15

పొద్దున్నే వామన్‌రావు రిక్షా దిగాడు. ఒక చేతిలో ఫోటో కాగితాల కట్ట, రెండో చేతిలో మైదా ఉడికించిన లేయి డబ్బా. నేరుగా ముందుగదిలో చాప పరిచి మొదటి పుస్తకం తీశాడు. పుస్తకం లాక్కున్నాను. అతను వదల్లేదు. అట్ట చిరిగింది. ఇద్దరం ఆగిపోయాం. యాభై ఏళ్లు వచ్చినవాళ్లం.

“నువ్వు కూడా ఒక్క పుట చదవలేదు,” అన్నాను. “దాని మీద నీ చెల్లెలి మొహం అంటించడానికి మాత్రం వచ్చినవు.”

వామన్‌రావు చేతికి అంటిన లేయి ధోవతికి తుడుచుకున్నాడు.

“చదువుదమని కూసున్న బావా. జనవరిలనే. మొదటి పుట కోసిన. ‘మొత్తుకోనివాళ్లకు నుమాయిష్‌ల ఏమున్నది’ అని ఉన్నది. అట్లనే అంటుండె, నీకెరుకే గద, మొహం ఇట్ల పెట్టి. అది మాట్లాడుతున్నట్టే ఉండె. మూసిన. మల్ల తెరవలే. నాతోని కాదు. ఫోటో అయితే చూడగల్గుత. ఫోటో మాట్లాడదు.”

విఠల్‌రావు ఇంట్లో కోయని పుటలు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ కోయని ప్రతి పుటా రమకు అవమానం అనుకున్నాను. అన్నీ ఒకటి కావు. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది. ఇంకా కోపంగానే ఉన్నాను. కానీ వామన్‌రావు మీద కాదు.

చిరిగిన ప్రతి అతనికే ఇచ్చాను. “దీంట్ల అంటించుకో. ఇది నీది. మిగతావాటిల వద్దు.”

“మరి గిన్నెలతోని ఏమియ్యాలె?”

“గిన్నెలు చాలు.”

చాలాసేపు కూర్చుని ఆ ఒక్క ఫోటో అంటించాడు. బుడగ లేకుండా బొటనవేలితో నాలుగు మూలలా నొక్కాడు. మిగతా కాగితాలు కట్ట కట్టుకుని లేయి డబ్బా మర్చిపోయి వెళ్లాడు.

ఏప్రిల్ 20

సాంవత్సరికం జరిగింది. పిండాలు పెట్టాను. గిన్నెలు ఇచ్చాం. పుస్తకం ఏదని ఇద్దరు అడిగారు. దుకాణంలో దొరుకుతుందని చెప్పాను. విచిత్రంగా చూశారు.

విఠల్‌రావు కూడా వచ్చాడు. పక్కన కూర్చుని భోంచేశాడు. పుస్తకం గురించి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 28

రేపటి నుంచి బడికి సెలవులు, రావాలనుకుంటే ఇవాళే రండి అని విమలాదేవిగారి కార్డు. ఈసారి నా పేరు మీద. పోకూడదనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి, రోడ్డు మీద కుక్క కూడా లేని ఎండలో, ఛత్రినాక మిట్ట ఎక్కుతూ ఉన్నాను.

కొట్టానికి కిటికీ పెట్టారు. చిన్నది, రెండు చెక్క రెక్కలది. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. నీళ్లెవరు పోస్తారు అన్నాను. ఆమే బిందె ఎత్తుకుని నిచ్చెన ఎక్కారు.

“లోపటికి పోండ్రి. తలుపు దగ్గరికెయ్యిండ్రి. కిటికీ తెరుస్తరో మూస్తరో మీ ఇష్టం.”

మూశాను. రమ రాసినట్టు.

చీకటి. రేకు మీద ముందు విడివిడిగా చుక్కలు. తరువాత ఒకటే హోరు. రమ చెప్పింది నిజమే. వానను ఇంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. ఒంటి మీద చెమట చల్లబడింది. తల లోపల ఉన్న మాటలన్నీ ఆగిపోయాయి. బాగుంది, చాలా బాగుంది అనుకున్నాను. ఇంకొంచెంసేపటికి గది ఎంత ఉందో తెలియలేదు. పక్కన ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు. చేయి చాపాను. గోడ తగిలింది. రెండోవైపు చాపాను. అటూ గోడే. ఆమె రాసినట్టే కిటికీ లేకుండా కూర్చుందామని పళ్లు బిగించాను. కాలేదు. తడుముకుంటూ వెళ్లి కిటికీ రెక్కలు తోశాను.

చూరు నుంచి నీళ్లు దారాల్లా పడుతున్నాయి. వాటి అవతల ఎండ, బావి గిలక, నిచ్చెన మీద విమలాదేవిగారి పాదాలు. ఊపిరి వచ్చింది.

బయటికి వచ్చాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగారు. “ఊఁ? ఏమంటరు?”

నాలుగు నెలలుగా అందరినీ అడుగుతున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. అచ్చు తప్పులు దిద్దాను గానీ, ఏ పుట మీదా నాకు ఏమనిపించిందో నేనే అడుక్కోలేదు.

“తప్పు రాసింది,” అన్నాను. “కిటికీ ఉండాలె. ఒక్క మనిషి కూసునేంత గది రాసింది. రెండో మనిషి ఏం కావాలె? ఆమెకు చీకటి భయం లేదు, అందుకని ఎవ్వరికీ ఉండదనుకున్నది. నన్ను ఒక్కమాట అడిగితే చెప్పకపోదునా? అడగలే. తనకు తోచిందే రాసింది.”

“నా మీద ఒర్లుతరేంది?” అన్నారు విమలాదేవిగారు. “రాసింది నేనా?”

క్షమించమన్నాను. ఆమె నవ్వారు. కుండలో నీళ్లు ముంచి ఇచ్చారు.

దిగుతూ దారి పొడుగునా రమతో పోట్లాడాను. ఆమె పోయినప్పటి నుంచి ఆమెను ఎవరూ ఒక్కమాట అనలేదు. నేనూ అనలేదు. సాధ్వి, దేవత, పుణ్యాత్మురాలు అంటుంటే విని ఊరుకున్నాను. ఇవాళ అన్నాను. నీ వాన గది తప్పు, నువ్వు నన్ను అడగకపోవడం తప్పు, ఏమీ చెప్పకుండా పోవడం మరీ తప్పు.

మాదన్నపేట కూరగాయల బజారులో ఒకామె తట్ట దించి నావైపు చూసింది. పైకే అంటున్నానని అప్పుడు తెలిసింది. ఆపలేదు.